అబ్బా కెమెరా, అబ్బాయి కెమెరా

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో చాలా భాగం ఒకే ప్రశ్నను వేర్వేరు వస్తువుల పేరుతో అడుగుతుంటాయి. ఉన్నదానితో సరిపెట్టుకోవాలా, కొత్తది కొనుక్కోవాలా? కుట్టుమిషను గురించి అడిగారు, ఫ్రిజ్ గురించి అడిగారు, మోటారు సైకిలు గురించి అడిగారు. ఈ నెల మా ముందున్న ఉత్తరం కెమెరా గురించినది. ఇటువంటి ప్రశ్నకు కూర్చున్న చోటి నుంచే జవాబు వ్రాసేయవచ్చు. కాని ఈ ఉత్తరంలో ఒక ఇంటి అన్నాచెల్లెళ్ల జీవనోపాధి ముడిపడి ఉంది. అందువల్ల రెండు కెమెరాలనూ పక్కపక్కన పెట్టి చూసిన తరువాతనే వ్రాయాలని నిర్ణయించుకున్నాము.

నెల్లూరు తీరాన మైపాడు వైపు ఒక పల్లె నుంచి ఒక సోదరి వ్రాశారు. ఆమె భర్త కువైట్‌లో పనిచేసిన రోజులలో, 2009లో సెలవుకు వస్తూ నికాన్ డి90 అనే డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాను, దానికి జతగా అమ్మే 18-105 లెన్సును తెచ్చారు. ఇప్పుడాయన ఇంటి పట్టునే ఉంటున్నారు. ఆ కెమెరా మీదనే కొడుకు ఫోటోలు తీయడం నేర్చుకున్నాడు. చుట్టుపక్కల ఊళ్లలో నికాహ్‌లకు, వలీమా విందులకు అతడిని పిలుస్తున్నారు. స్త్రీల వైపు ఫోటోలు స్త్రీలే తీయాలని కోరుకునే కుటుంబాలు మనలో ఎక్కువ గనుక, రెండేళ్లుగా కూతురు కూడా అన్న వెంట వెళ్లి ఆ పని చేస్తోంది. డి90 ఆమె చేతిలో ఉన్న రోజున కొడుకు పట్టణంలోని ఒక స్టూడియో మిత్రుడి దగ్గర డి7000 అరువు తెచ్చుకుంటాడు. ఆ మిత్రుడు ఇప్పుడు మిర్రర్‌లెస్ కెమెరాకు మారుతూ తన డి7000ను అమ్మకానికి పెట్టాడు. డి90ని ఇచ్చివేసి, మిగిలిన సొమ్ము వాయిదాల మీద కట్టి దానిని తీసుకోవాలని కొడుకు పట్టుబడుతున్నాడు. వాయిదాలలో వడ్డీ ఉంది. అది ఇష్టం లేక తల్లి తన చెవి కమ్మలు అమ్మడానికి సిద్ధపడుతున్నారు. పాత కెమెరాలో బొమ్మలు మసకగా వస్తున్నాయనీ, దాని కాలం తీరిపోయిందనీ కొడుకు వాదన.

ఉత్తరం నాలుగు పేజీలు ఉంది. అందులో కూతురి అభిప్రాయం ఒక్క వాక్యంలో కూడా లేదు. డి90 వెళ్లిపోతే ఆమె చేతిలో ఏముంటుందన్న ప్రశ్న కూడా లేదు. మమ్మల్ని ఇల్లు కదిలించింది ఆ ఖాళీయే.

ముందుగా ఈ రెండు కెమెరాల సంగతి. నికాన్ సంస్థ డి90ని 2008 ఆగస్టులో ప్రకటించింది. 1 కోటి 23 లక్షల పిక్సెళ్ల సెన్సారు, అంటే 12.3 మెగాపిక్సెళ్లు. డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలలో వీడియో తీయగలిగిన మొట్టమొదటిది అదే. రెండేళ్ల తరువాత, 2010 సెప్టెంబరులో, దానికి తరువాతి తరంగా డి7000 వచ్చింది. దానిలో 16.2 మెగాపిక్సెళ్లు. సెన్సారు కొలత మాత్రం రెండింటిలోనూ దాదాపు ఒకటే, వెడల్పు 23.6 మిల్లీమీటర్లు. ఇప్పుడు ఆ కంపెనీయే గాక కెనాన్ కూడా అద్దం లేని కెమెరాల వైపు మళ్లింది. స్టూడియోలవారు ఒకరి వెంట ఒకరు పాతవి వదిలించుకుంటున్నారు. ఒకనాడు మధ్యతరగతి ఇంటికి అందని కెమెరాలు ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో అందుబాటుకు వచ్చాయి. ఇటువంటి ఉత్తరాలు ఇకముందు కూడా వస్తాయని మా అంచనా.

జనవరి నెలలో ఒక ఉదయం ఆ కుటుంబంతో కలిసి నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్లాము. స్టూడియో మిత్రుడు తన డి7000ను, ఒక 18-105 లెన్సును, పక్షుల కోసం 70-300 లెన్సును ఇచ్చాడు. నేలపట్టు దొరవారిసత్రం దగ్గర ఉంది. 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు సూళ్లూరుపేట ప్రాంతమంతా తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గాని, మా నోటికి అది ఇంకా నెల్లూరు తీరమే. చెరువు నీటిలో మొదళ్లు మునిగి నిలిచే చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. మేతకు పులికాట్ సరస్సు దాకా ఎగిరి వెళ్లి వస్తాయి. నత్తగుల్ల కొంగలు, నీటికాకులు కూడా ఆ చెట్ల మీదనే ఉంటాయి. పక్షుల రెట్టలు కలిసిన ఆ చెరువు నీరు పొలానికి బలమని అక్కడి రైతుల నమ్మకం. ఆ పక్షులను వారు తరతరాలుగా కాపాడుతూ వచ్చారు.

కెమెరా పరీక్షకు ఇంత దూరం ఎందుకని పాఠకులు అడగవచ్చు. ఒకే కొమ్మ మీద తెల్లని కొంగ, నల్లని నీటికాకి పక్కపక్కన కూర్చుని ఉండగా ఒకదాని మీద ఎండ, మరొకదాని మీద ఆకుల నీడ పడే చోటు మరొకటి మాకు తెలియదు. కెమెరా సెన్సారుకు అంతకంటె కఠినమైన పరీక్ష లేదు. నికాహ్‌లో తెల్లని షేర్వానీ, పక్కన నల్లని బుర్ఖా ఉన్నప్పుడు ఎదురయ్యే చిక్కు కూడా అదే గదా.

మొదటి పావుగంటలోనే కొడుకు మాట నిజమైనట్లు కనిపించింది. తమ ఇంటి లెన్సు తగిలించిన డి90తో ఒక చిత్రం, మిత్రుడి 18-105 తగిలించిన డి7000తో అదే చిత్రం తీశాడు. రెండూ ఒకే రకం లెన్సులు. అయినా డి90 చిత్రం మీద పలచని తెల్లని పొర పరచినట్లు ఉంది. నలుపు నలుపుగా లేదు, బూడిద రంగుకు తిరిగింది. "చూశారా చాచా, తరం తేడా అంటే ఇదే" అన్నాడు.

లెన్సులు అటువి ఇటు, ఇటువి అటు మార్చి మళ్లీ తీయమన్నాము. ఈసారి పొర డి7000 చిత్రం మీదికి వెళ్లింది. డి90 చిత్రం కడిగిన అద్దంలా వచ్చింది. ఆ అబ్బాయి కెమెరా తెరను రెండు మూడుసార్లు చూసుకున్నాడు. చెల్లెలు లెన్సును తీసి ఆకాశం వైపు పట్టి చూసింది. లోపలి గాజు అంచున సాలెగూడు పోగుల వంటివి కనిపించాయి. అది బూజు.

తీర ప్రాంతంలో ఇది సాధారణమైన వ్యాధి. గాలిలో తేమ, చీకటి, గాలి ఆడకపోవడం, ఈ మూడూ కలిసిన చోట లెన్సు గాజు మీద బూజు పెరుగుతుంది. ఆ పోగులు వెలుతురును చెదరగొడతాయి. చెదిరిన వెలుతురు చిత్రమంతటా పరుచుకుని నీడలను తెల్లబరుస్తుంది. కువైట్ నుంచి వచ్చిన ఆ లెన్సు పదిహేనేళ్లుగా తోలు సంచిలో, బీరువాలో, బట్టల మధ్య ఉంటోంది. విలువైన వస్తువు గనుక అంత జాగ్రత్తగా దాచారు. తోలు తేమను పట్టి ఉంచుతుంది, బూజుకు ఆహారంగా కూడా పనికివస్తుంది. ఆ జాగ్రత్తే దానిని పాడు చేసింది. సెన్సారు మాత్రం ఏళ్లు గడిచినంత మాత్రాన మసకబారదు. దాని మీది గాజు పలకపై ధూళి చేరవచ్చు, అక్కడక్కడ ఒక పిక్సెల్ పాడై చుక్కలా మెరవవచ్చు. అంతకుమించి, తయారైన నాడు ఎటువంటి చిత్రం ఇచ్చిందో ఈనాడూ అటువంటి చిత్రమే ఇస్తుంది.

ఇక్కడితో ఉత్తరానికి సగం జవాబు దొరికింది. అయినా రెండు తరాల మధ్య తేడా ఏమీ లేదని దీని అర్థం కాదు. మిగిలిన పరీక్షలన్నీ ఒకే 70-300 లెన్సుతో, ఒకే కొమ్మ మీద, ఒకే వెలుతురులో చేశాము. కెమెరాలను పోల్చేవారు మరచిపోయే నియమం ఇదే. లెన్సు వేరైతే పోల్చేది లెన్సును, గంట వేరైతే పోల్చేది సూర్యుణ్ణి.

పిక్సెళ్ల సంగతి ముందు చూద్దాము. 12.3 నుంచి 16.2కు పెరగడమంటే మూడో వంతుకు దగ్గరగా ఎక్కువ. వినడానికి పెద్ద సంఖ్య. కాని చిత్రానికి పొడవు, వెడల్పు రెండూ ఉంటాయి గనుక ఆ పెరుగుదల రెండు వైపులా పంచుకుపోతుంది. డి90 చిత్రం పొడవు 4288 పిక్సెళ్లు, డి7000ది 4928. తేడా నూటికి పదిహేను. పెండ్లి ఆల్బమ్‌లో పెద్ద ప్రింటు అయిన 12 అంగుళాలు, 18 అంగుళాల కొలతకు డి90 అంగుళానికి 238 పిక్సెళ్లు ఇస్తుంది, డి7000 అంగుళానికి 274. చేతి దూరంలో పట్టుకుని చూసే కంటికి ఈ రెండింటి మధ్య తేడా తెలియదు. వాట్సాప్‌లో పంపేవారికైతే ఈ చర్చే అనవసరం.

దూరపు పక్షి విషయంలో మాత్రం ఆ పదిహేను కొంత పనికివచ్చింది. మధ్యాహ్నం సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మధ్యగా వెళ్లే రోడ్డు మీద, అటకానితిప్ప దగ్గర, ఫ్లెమింగోల గుంపు కనిపించింది. దూరం ఎక్కువ. 300 మిల్లీమీటర్ల లెన్సులో కూడా అవి గోరంత కనిపించాయి. చిత్రం నుంచి ఆ భాగాన్ని కత్తిరించి పెద్దది చేసుకున్నప్పుడు డి7000లో మెడ వంపు, ముక్కు చివరి నలుపు కొంచెం స్పష్టంగా నిలవాలి. తెల్లవారుజామున అయితే నిలిచేది. మేము వెళ్లింది ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు. వేడికి సరస్సు మీది గాలి అలలు అలలుగా కదులుతూ ఉంటుంది. ఆ అలల గుండా చూసినంత సేపు రెండు కెమెరాలూ సమానమే. ఇంకా దగ్గరగా వెళ్దామని కొడుకు బురదలోకి దిగబోయాడు, వద్దన్నాము. మనిషి అలికిడికి గుంపు లేచిపోతే అవి ఆ పూట మేత పోగొట్టుకుంటాయి.

ఇక అసలు విషయం, వెలుతురు. కెమెరా డబ్బాల మీద ఐఎస్‌ఓ అనే అంకె ఉంటుంది. తక్కువ వెలుతురులో కూడా చిత్రం కనిపించేలా సంకేతాన్ని ఎంతవరకు పెంచవచ్చో ఆ అంకె చెబుతుంది. డి90లో మామూలుగా 3200 వరకు, డి7000లో 6400 వరకు ఉంటుంది. ఒత్తిడి పెట్టి పెంచితే డి90 6400 వరకు, డి7000 25600 వరకు వెళ్తాయి. ఈ అంకెలు చూసి కొత్త కెమెరా చీకటిలో నాలుగు రెట్లు మేలని కొడుకు లెక్క కట్టుకున్నాడు. చాలామంది అలాగే కడతారు.

అంకెను పెంచుకునే వీలు ఉండడం వేరు, ఆ అంకె దగ్గర మంచి చిత్రం రావడం వేరు. ఫ్రాన్సుకు చెందిన డీఎక్స్ఓ సంస్థ కెమెరా సెన్సార్లను కొలిచి అంకెలు ప్రకటిస్తుంది. ఎంత ఐఎస్‌ఓ వరకు చిత్రం నిర్ణీత నాణ్యతతో ఉంటుందన్న కొలతలో డి90కి 977, డి7000కి 1167 వచ్చింది. ఫోటోగ్రాఫర్ల భాషలో వెలుతురు రెట్టింపు కావడాన్ని ఒక స్టాప్ అంటారు. ఈ తేడా స్టాప్‌లో పావు వంతు. కెమెరాలోనే తయారయ్యే జేపెగ్ చిత్రాలలో డి7000 ఇంకా మెరుగ్గా కనిపిస్తుంది. దానికి కారణం లోపలి ప్రాసెసర్ గరుకుదనాన్ని మరింత నేర్పుగా తుడవడమే. ముడి ఫైలు తీసుకుని కంప్యూటర్‌లో ఓపికగా పనిచేసేవారికి ఆ లాభంలో చాలా భాగం డి90లో కూడా దొరుకుతుంది.

తేడా ఇంత తక్కువగా ఉండడానికి కారణం ఉంది. చీకటిలో కనిపించే గరుకుదనంలో ఎక్కువ భాగం కెమెరా తప్పు కాదు. వెలుతురు వాన చినుకుల వలె విడివిడి కణాలుగా పడుతుంది. జోరువానలో పక్కపక్కన పెట్టిన రెండు బిందెలు దాదాపు సమానంగా నిండుతాయి. పది చినుకులు మాత్రమే పడే వేళ ఒక గిన్నెలో మూడు, పక్క గిన్నెలో ఏడు పడవచ్చు. ఆ హెచ్చుతగ్గులే గరుకుదనం. రెండేళ్లలో ఇంజనీర్లు గిన్నెలను మెరుగుపరచగలరు గాని వానను పెంచలేరు.

అయితే గిన్నెలోని నీటిని కొలిచే పనిలో వారు నిజంగా పెద్ద అడుగు వేశారు. అది నేలపట్టు కొమ్మ మీద తెలిసిపోయింది. కొంగ తెలుపు చెడకుండా ఉండాలని రెండు కెమెరాలలోనూ చిత్రాన్ని కొంత చీకటిగా తీశాము. తెలుపు ఒకసారి కరిగిపోతే దానిని తిరిగి తేవడం ఎవరివల్లా కాదు, నీడను మాత్రం తరువాత పైకి లేపుకోవచ్చు. ఇంటికి వచ్చి కంప్యూటర్ మీద నీడను లేపినప్పుడు డి90 చిత్రంలో నీటికాకి రెక్కల మీద ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు తేలాయి, ఈకలు వాటిలో కలిసిపోయాయి. డి7000 చిత్రంలో ఒక్కొక్క ఈక అంచు విడిగా కనిపించింది. అత్యంత వెలుగైన చోటుకూ, వివరం తెలిసే అత్యంత చీకటి చోటుకూ మధ్య ఉన్న దూరం డీఎక్స్ఓ కొలతలో డి90కి 12.5 స్టాప్‌లు, డి7000కి 13.9 స్టాప్‌లు. ఒక్కో స్టాప్ రెట్టింపు గనుక ఈ తేడా రెండున్నర రెట్లకు పైమాట. సెన్సారు నుంచి సంకేతాన్ని చదివేటప్పుడు ఎలక్ట్రానిక్ భాగాలు కలిపే గరుకుదనం కొత్త తరంలో బాగా తగ్గింది. పైగా డి90 ముడి ఫైలు ఒక్కో పిక్సెల్ వెలుతురును 4096 మెట్లుగా వ్రాసుకుంటే డి7000 16384 మెట్లుగా వ్రాసుకోగలదు. ఇందులో కొడుకు మాటే గెలిచింది. పగటి పూట ఎండా నీడల మధ్య ఫోటోలు తీసేవారికి, తీసిన తరువాత దిద్దుకునేవారికి డి7000 నిజంగా మేలైన కెమెరా.

కాని వారి పని నికాహ్‌లు. అవి ఎక్కువగా మగ్రిబ్ తరువాత, హాలు దీపాల వెలుతురులో జరుగుతాయి.

ఇక్కడ ఇబ్నె హైసమ్‌ను తలచుకోక తప్పదు. కెమెరా మాట వస్తే మన పత్రికలు ఆయన పేరు చెప్పి గర్వపడి ఊరుకుంటాయి. ఆయన గమనించిన విషయం మాత్రం చెప్పవు. బస్రాలో పుట్టి కైరోలో స్థిరపడిన ఈ పండితుడు వెయ్యేళ్ల క్రితం సూర్యగ్రహణ వేళ రంధ్రం గుండా లోపలికి పడిన వెలుతురును పరిశీలించాడు. రంధ్రం బాగా చిన్నదైనప్పుడే గ్రహణ సూర్యుని నెలవంక ఆకారం ఏర్పడుతుందనీ, రంధ్రం పెద్దదైతే ఆ ఆకారం పోయి గుండ్రంగా మారుతుందనీ వివరించాడు. చిన్న రంధ్రంతో స్పష్టత వస్తుంది, వెలుతురు తగ్గుతుంది. పెద్ద రంధ్రంతో వెలుతురు పెరుగుతుంది, స్పష్టత చెదురుతుంది. లెన్సు ఈ పీటముడిని విప్పింది. పెద్ద రంధ్రం గుండా వచ్చిన వెలుతురును కూడా ఒక బిందువు దగ్గర చేర్చగలదు. ఎంత పెద్ద రంధ్రాన్ని నిర్వహించగలదన్నదే లెన్సు సత్తా.

18-105 లెన్సును దగ్గరకు లాగి చూపేటప్పుడు దాని రంధ్రం ఎఫ్ 5.6కు కుదించుకుపోతుంది. 50 మిల్లీమీటర్ల చిన్న లెన్సు ఒకటి ఉంది, ఎఫ్ 1.8 రకం, ముందుకూ వెనక్కూ జరగదు, సాదా వస్తువు. ఎఫ్ 5.6 నుంచి ఎఫ్ 2కు రంధ్రం తెరిస్తే ఎనిమిది రెట్ల వెలుతురు లోపలికి వస్తుంది, అంటే మూడు స్టాప్‌లు. తరం మారితే ముడి ఫైలులో దక్కేది పావు స్టాప్. ఈ లెక్క కాగితం మీద వేసి చూపినప్పుడు కొడుకు మాట్లాడలేదు గాని, చెల్లెలు కాగితాన్ని తీసుకుని మడిచి దాచుకుంది.

వారం తరువాత వారి ఊరిలోనే ఒక నికాహ్ వచ్చింది. మిత్రుడు తన 50 లెన్సును కూడా ఇచ్చాడు. కొడుకు మగవారి వైపు డి7000తో, మిత్రుడి 18-105తో తీశాడు. ఐఎస్‌ఓ 3200, సెకనులో 30వ వంతు. కూతురు స్త్రీల వైపు డి90తో, 50 లెన్సుతో తీసింది. ఐఎస్‌ఓ 800, సెకనులో 60వ వంతు. ఆమె తీసిన మనుషుల చిత్రాలను మేము చూడలేదు, చూడవలసినవి కూడా కావు. గోరింటాకు పళ్లెం, నగల పెట్టె, పూల దండలు ఉన్న కొన్నింటిని మాత్రం తల్లి పంపారు. పాత కెమెరా చిత్రాలలో గోరింటాకు ముద్ద మీది వేలి గుర్తులు లెక్కపెట్టవచ్చు. కొత్త కెమెరాలో ఖాజీ గారి గడ్డం నునుపుగా తుడిచినట్లు ఉంది, సంతకం పెడుతున్న చేయి కదిలిపోయింది.

తేడా ఏ కెమెరా వల్ల, ఏ లెన్సు వల్ల అన్నది తేలడానికి వలీమా నాడు ఇద్దరూ లెన్సులు మార్చుకున్నారు. 50 లెన్సుతో డి7000 ఇచ్చినవి అన్నిటికంటె మేలుగా ఉన్నాయి. డి90 దానికి అంగుళం వెనుక. 18-105తో రెండూ చాలా వెనుక. కొన్నింటిని నెల్లూరులో ప్రింటు వేయించి, ఏది దేనితో తీసినదో చెప్పకుండా ఆ తల్లి ముందు పరిచాము. ఎండలో తీసిన గూడబాతుల జతలో ఏది ఏదో ఆమె చెప్పలేకపోయారు. నీటికాకి జతలో డి7000 చిత్రాన్ని క్షణంలో ఎంచారు. వలీమా జతలలో 50 లెన్సు చిత్రాలన్నింటినీ ఒక పక్కకు పెట్టారు, ఆ కుప్పలో రెండు కెమెరాలవీ కలిసి ఉన్నాయి.

ఆ లెన్సుకు ఒక లోపం ఉంది. ఎఫ్ 2 దగ్గర ఒక ముఖం స్పష్టంగా ఉంటే వెనుక వరుసలోని ముఖం మసకగా ఉంటుంది. బంధువులందరినీ మూడు వరుసలలో నిలబెట్టే చిత్రానికి అది పనికిరాదు. అక్కడ ఫ్లాష్‌ను పైకప్పు వైపు తిప్పి వెలిగించాలి. వీడియో కావలసినవారికి కూడా మా జవాబు వేరు. డి90 వీడియో 720 గీతలది, ఒక విడతకు ఐదు నిమిషాలే. డి7000ది 1080 గీతలది, ఇరవై నిమిషాలు. ఇందులో పాత తరం నిలబడలేదు.

ఆ సోదరికి మేము ఇచ్చిన జవాబు ఇది. కమ్మలు అమ్మవద్దు. వాయిదాల గురించి మన పాఠకులకు కొత్తగా చెప్పవలసినది లేదు. డి90ని ఇవ్వవద్దు, అది ఇప్పటికే మీ అమ్మాయి చేతిలో సంపాదిస్తున్న కెమెరా. బూజు పట్టిన లెన్సును చెన్నైలో లెన్సు విప్పి శుభ్రం చేసేవారి దగ్గరకు పంపండి. గాజు పూతను బూజు తినివేసి ఉంటే కొంత మచ్చ మిగలవచ్చు. మొదటి ఖర్చుగా 50 లెన్సు ఒకటి కొనండి. డి90లో, డి7000లో రెండింటిలోనూ ఫోకస్ మోటారు కెమెరాలోనే ఉంటుంది గనుక పాత రకం 50 లెన్సు అయినా చక్కగా పనిచేస్తుంది. నికాన్‌లోనే చిన్న రకాలైన 3000, 5000 వరుసల కెమెరాలున్నవారు మాత్రం మోటారు ఉన్న కొత్త రకమే తీసుకోవాలి. డి7000ను మీ అబ్బాయి తన సంపాదనతో కొనుక్కోదలిస్తే మంచిదే, అప్పుడు అన్నాచెల్లెళ్లకు చెరొకటి ఉంటుంది.

కొడుకు దీనికి పూర్తిగా ఒప్పుకోలేదు. మిత్రుడు అంతవరకు ఆగడని అతడి దిగులు. అది నిజం కావచ్చు. ఇటువంటి కెమెరాలు ఇంకా చాలా అమ్మకానికి వస్తాయని మాత్రం చెప్పాము.

సెకండ్ హ్యాండ్ కొనేవారు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. కెమెరా ఇప్పటివరకు ఎన్ని చిత్రాలు తీసిందో చిత్రపు ఫైలులోనే నమోదై ఉంటుంది, తెలిసినవారి చేత చదివించాలి. కంపెనీ డి90 షట్టరును 100000 చిత్రాలకు, డి7000 షట్టరును 150000 చిత్రాలకు పరీక్షించింది. పెండ్లిళ్లు తీసిన కెమెరా కొన్ని సీజన్లలోనే ఆ దరిదాపులకు చేరుతుంది. లెన్సును వెలుతురుకు ఎదురుగా పట్టి లోపల పోగులున్నాయేమో చూడాలి. రంధ్రాన్ని ఎఫ్ 16కు మూసి ఆకాశాన్ని ఒక చిత్రం తీస్తే సెన్సారు మీది ధూళి చుక్కలుగా బయటపడుతుంది. సముద్ర తీరంలో వాడిన కెమెరా అయితే బ్యాటరీ గదిలోని లోహపు కొసల మీద ఉప్పు తుప్పు ఉందేమో చూడాలి.

ఇంట్లో దాచేటప్పుడు తోలు సంచి వద్దు, బీరువాలో బట్టల మధ్య వద్దు. బియ్యపు డబ్బాలో పెట్టేవారున్నారు, బియ్యపు పొడి లోపలికి చేరుతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచాలి, ఆ పొట్లాలను రెండు మూడు నెలలకు ఒకసారి మార్చాలి. మైపాడు వంటి ఊళ్లలో బీచి నుంచి రాగానే కెమెరా ఒంటిని కొద్దిగా తడిపి పిండిన మెత్తని బట్టతో తుడిచి, ఆరనిచ్చి, అప్పుడు డబ్బాలో పెట్టాలి. వారానికి ఒకసారైనా బయటకు తీసి పగటి వెలుతురులో నాలుగు చిత్రాలు తీయాలి. ఆ ఇంట్లో ఈ పని తండ్రి తీసుకున్నారని, ప్రతి జుమా నాడు అస్ర్ తరువాత డి90 పట్టుకుని పెరట్లోకి వెళ్తున్నారని సోదరి రెండవ ఉత్తరంలో వ్రాశారు.